నిప్పు తగలని రసం

శ్రీరామనవమి మరునాడు మా ఇంట్లో చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. భజన మందిరం నుంచి తెచ్చిన ఇత్తడి గంగాళాలు తోమి తిరిగి ఇవ్వాలి. వీధికి కట్టిన మామిడాకుల తోరణాలు విప్పాలి. జ్యూసు కుళాయి పైపుల్లో చీమలు చేరకముందే వేణ్ణీళ్ళు పోయాలి. ఖాళీ అయిన సోడా గ్యాసు సిలిండరు నగర్తపేట దుకాణంలో ఇచ్చి నిండుది తేవాలి. ఆదివారం పెళ్ళికి జ్యూసు ఎంత కావాలో మంటపం కృష్ణప్పకు ఫోను చేసి మాట్లాడాలి. ఈ రోజు నేను రానని బొమ్మసంద్రలో మా కంపెనీ ల్యాబుకు చెప్పాలి. వాకిలి పక్కన అమ్మ సర్ది పెట్టుకున్న బట్టల సంచిని ఎవరైనా లోపలికి తీసుకుపోవాలి.

మిగతావన్నీ ఎవరైనా చేయగల పనులే. ఆ సంచి దగ్గరికి పోవడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు.

నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఇద్దరి మధ్య ఒక గోడ, ఆ గోడకు ఒక కిటికీ.

“వనజా, మీ నాయనను అడుగు. కాఫీ తాగుతాడా, ఇంకేమన్నా తాగుతాడా అని.”

“కాఫీ అని చెప్పు” అన్నాడు నాయన, బయటి నుంచే.

“కాఫీ అంటమ్మా.”

“నాకూ చెవులుండాయి లే.”

గ్లాసు నా చేతికే ఇచ్చింది. నేను తీసుకొనిపోయి నాయనకిచ్చాను. ఆయన ఊదుకుంటూ తాగాడు. నిన్న సాయంత్రం నుంచి మా ఇంట్లో మాటలన్నీ నా మీదుగానే పోతున్నాయి.

నిన్న పానకాల పంపకం అయ్యాక నాయన ఇంటికి వచ్చి తువ్వాలు దండెం మీద వేశాడు. దాన్ని మడత పెట్టబోయిన అమ్మ అక్కడే ఆగిపోయింది. తువ్వాలు ముక్కు దగ్గరికి తీసుకుంది. తర్వాత ఆయన దగ్గరికి పోయి నిలబడింది.

“ఏం తాగినావు?”

“జ్యూసు.”

“జ్యూసుకు ఈ వాసన రాదు. ఈ వాసన నాకు తెలీదా?”

నాయన ఇంకేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

నాయన మేస్త్రీ. మా ఊరు వర్తూరు చెరువు చుట్టూ లేచిన పెద్ద ఇళ్ళలో సగం గోడలకు ఆయన చేయి తగిలింది. కూలీ చేతికొచ్చే శనివారాలు మా చిన్నతనంలో ఆయన తాగుడుతో ఎట్లా గడిచాయో ఈ శీర్షికలో ఇంతకుముందే చెప్పాను, మళ్ళీ చెప్పను. అమ్మ ఆయనను ధర్మస్థలకు తీసుకొనిపోయి, మంజునాథస్వామి ముందు తాగనని ఆన పెట్టించింది. ఆ స్వామి ముందు పెట్టిన ఆన తప్పితే ఇల్లు నిలవదని మా వైపు వాళ్ళ నమ్మకం. అప్పటి నుంచి ఆయన ముట్టలేదు. ఆ ఆన వల్లే నేను కాలేజీ చదువు చదివాను. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. అది నా గొప్ప కాదు, ఆ ఆన నిలబడిన ఫలితం.

ఆన పెట్టించిన రోజే అమ్మ తన మాట కూడా చెప్పింది. మళ్ళీ తాగితే చింతామణిలో తన చెల్లెలింటికి పోతుంది. తిరిగి రాదు.

అమ్మ ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

* * *

ఇంటి వెనక రేకుల షెడ్డులో మా తమ్ముడు గణేశ్ పైపులు కడుగుతున్నాడు. వాడి బుడగల జ్యూసు గురించి కూడా పాత వారాల్లో రాశాను. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీను మూతపడినప్పుడు తుక్కు కింద అమ్మేసిన స్టీలు డ్రమ్ములు తెచ్చుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, నడుము దాకా వస్తాయి. మూత మీద రెండు మూతులు. ఒకదాంట్లోంచి సోడాలో వాడే గ్యాసు లోపలికి పోతుంది, రెండోదాంట్లోంచి జ్యూసు కుళాయికి వస్తుంది. మంచులో బాగా చల్లబడిన జ్యూసు పోసి, గ్యాసు వదిలి, డ్రమ్మును ఒళ్ళో పెట్టుకొని బిడ్డను ఊపినట్లు ఊపుతాడు. గ్యాసు రసంలో కలిసిపోతుంది. కుళాయి తిప్పితే బుసబుసమని పొంగుతూ వస్తుంది. వర్తూరులో పెళ్ళయినా, సీమంతమయినా గణేశ్ కుళాయి దగ్గర పిల్లలు వరస కడతారు.

మామూలుగా వాడు ద్రాక్ష రసాన్ని వడగట్టి, పొయ్యి మీద ఆవిరి లేచేదాకా కాచి, చల్లార్చి, ఆ తర్వాతే డ్రమ్ములో పోస్తాడు. ప్రతి డ్రమ్మూ బయటికి పోయేముందు ఒక గుక్క నోట్లో పోసుకొని చూస్తాడు. నవమికి ఈ రెండూ చేయలేదు. రుచి చూస్తే నైవేద్యం ఎంగిలి అవుతుంది, అది అందరికీ తెలిసిందే. కాచకపోవడానికి కారణం భజన మందిరం పెద్ద పిల్లప్ప.

“పచ్చి పండ్ల రసం ఎవరి చేతిదైనా పూజారి తీసుకుంటాడప్పా. నిప్పు తగిలిందంటే అది వంట. వంట అయితే మన చేతిది గర్భగుడిలోకి పోదు” అన్నాడాయన.

గణేశ్ సరేనన్నాడు. రాముడి ముందు తన జ్యూసు పెట్టనిస్తారంటే వాడు ఇంకెన్ని షరతులకైనా ఒప్పుకునేవాడు.

నవమికి ముందురోజు పొద్దున్నే మూడు డ్రమ్ములు నింపాడు. మంచు రెండింటికే చాలింది. మూడోదాన్ని రేకుల కింద ఒక మూల పెట్టాడు. గ్యాసు పట్టించాం కదా, చెడదు అన్నాడు.

ఆ మూడో డ్రమ్ము పంపకం దగ్గరి నుంచి తిరిగొచ్చి ఇప్పుడు మళ్ళీ అదే మూలలో ఉంది. మీద తడి గోనెపట్టా కప్పి ఉంది.

“దాన్ని తెరువు గణేశ్” అన్నాను.

వాడు తలెత్తలేదు. “ఏలక్కా?”

“నాయన తాగింది దాంట్లోదే.”

“ఎవరు చెప్పినారు? నాయన చెప్పినాడా?”

“నాయన ఏమీ చెప్పడు, నీకు తెలీదా? జ్యూసు తాగినానన్నాడు, అంతే. నేనంటాండా. అది పులిసి ఉంటుంది.”

“గ్యాసు పట్టించిన జ్యూసు పులవదక్కా.”

“ఎవరన్నారు? ద్రాక్ష తొక్క మీదనే ఉంటుంది పులిపించేది. దానికి గాలి లేకపోయినా పరవాలేదు. తీపి ఉండాలి, వెచ్చగా ఉండాలి. రేకుల కింద రెండూ ఉండాయి. నువ్వు కాచి ఉంటే చచ్చేది. కాచలేదు.”

“నీ ల్యాబు మాటలు నాకొద్దు.”

“అయితే ముక్కుతో చూడు. తెరువు.”

పైపు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. వాడికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి.

“తెరుస్తా. పులిసిందే అనుకో. ఎదురింటి చిక్కమ్మకు తెలుస్తాది. చిక్కమ్మకు తెలిస్తే మారతహళ్ళి దాకా తెలుస్తాది. గణేశ్ రామనవమికి సారాయి పంచినాడంటారు. ఆదివారం కృష్ణప్ప నన్ను మంటపం గేటు లోపలికి రానిస్తాడా? నా మొహం ఎవరికి చూపించాల?”

“మరి నాయన మొహం?”

“నాయన ఇంతకుముందు తాగినోడే కదా. ఊరికి అది కొత్త కాదు.”

అన్నాక వాడికే అర్థమయింది. పైపు మళ్ళీ చేతిలోకి తీసుకొని, కడిగినదాన్నే కడగడం మొదలుపెట్టాడు.

 వాడే మళ్ళీ మాట్లాడాడు, ఈసారి చిన్న గొంతుతో.

“అక్కా, ఇంకోటి విను. నేను మంచుకు పోయినప్పుడు కుళాయి దగ్గర నాయననే నిలబెట్టినా. వచ్చేసరికి కుళాయి కట్టేసి, డ్రమ్ము అయిపోయింది, గంగాళంలో పానకం తాగండి అని అందరినీ పంపించేస్తాండాడు. నేను డ్రమ్ము ఎత్తి చూస్తే బరువుగానే ఉండాది. నిండు డ్రమ్మును అయిపోయింది అంటాడా మనిషి? తాగిన మత్తులో కాకుంటే ఎవరన్నా ఆ మాట అంటారా? అమ్మకు ఆ సంగతి చెప్పలేదు నేను. చెప్పి ఉంటే రాత్రే పోయేది.”

నాయన అట్లా ఎందుకన్నాడో నాకు అర్థం కాలేదు. అప్పటికి కాలేదు.

* * *

పిల్లప్ప గంగాళాల కోసం వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద ఉత్తరీయం, నుదుట నిన్నటి నామం ఇంకా కొంచెం మిగిలి ఉంది. అరుగు మీద నాయన జరిగి చోటు ఇచ్చాడు. పిల్లప్ప కూర్చోలేదు.

“చెన్నయ్యా, వీధిలో అంతా అనుకుంటాండారు, ఏమి ఇది? నవమి రోజే కావాల్సి వచ్చిందా?”

నాయన నేల వైపు చూశాడు.

నేను షెడ్డు నుంచి వచ్చాను. “నాయన బయట యాడా తాగలేదు పిల్లప్ప మామా. ఒక డ్రమ్ము పులిసింది. అదే తాగినాడు.”

పిల్లప్ప చప్పున వీధి వైపు చూశాడు. చిక్కమ్మ వాళ్ళ కిటికీ మూసే ఉంది. అయినా గొంతు తగ్గించాడు.

“సుమ్నె, నోరెత్తకుండా ఉండమ్మా నువ్వు. ఏం మాట ఇది? రాముడి ముందు పెట్టింది పులిసిందంటావా?”

“దేవుడి ముందు పెట్టింది మొదటి డ్రమ్ము. అది మంచులో ఉండె. బాగుండె. ఇది మూడోది.”

“జనానికి మొదటిది, మూడోది అని తెలుస్తాదా? చదువుకున్నదానివి, నువ్వే ఆలోచించు. చెన్నయ్య యాడో తాగొచ్చినాడంటే అది ఒక మనిషి మాట. ఆయన పాత మనిషి, నాలుగు రోజులు అనుకుంటారు, మరిచిపోతారు. డ్రమ్ము పులిసిందంటే మందిరం మాట. మా తాత కాలం నుంచి పానకం పోస్తాండాము. ఒక్కరు వేలు చూపించలా.”

“అంటే మా నాయన వేలు చూపించుకోవాలనా?”

“నేను అట్ల అన్లేదు తల్లీ.”

“మరెట్ల అన్నారు?”

పిల్లప్ప చెడ్డవాడు కాదు. నేను టెన్త్ పాసయిన రోజు మందిరంలో అందరి ముందు నాకు శాలువా కప్పింది ఆయనే. ఇప్పుడు ఉత్తరీయం కొసతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయనకూ ఈ మాటలు మింగుడు పడటం లేదని తెలుస్తూనే ఉంది.

అప్పుడు నాయన నోరు తెరిచాడు.

“పిల్లప్ప చెప్పేది సరే. వదిలెయ్యి వనజా.”

“నాయనా!”

“డ్రమ్ము మాట ఎత్తొద్దండి. నేను తాగినానంటే తాగినా. అంతే కదా. ఆదివారం పిల్లోనికి పెళ్ళి పనుండాది.”

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. కమ్మీల వెనక ఆమె ముఖం సగమే కనిపించింది.

“వనజా, మీ నాయనను అడుగు. కొడుకు కోసం తాగినానంటాండాడా, తాగినాడు కాబట్టి తాగినానంటాండాడా?”

నేను నాయన వైపు తిరిగాను. అడగవలసిన అవసరం లేదు. ఆయనకూ చెవులున్నాయి. అయినా ఆయన ఖాళీ గ్లాసును అరుగు మీద తిప్పుతూ కూర్చున్నాడు.

“సరే” అంది అమ్మ. “చింతామణి బస్సు అన్నం వేళ దాటినాక ఒకటుండాది. మీకు సంకటి చేసి పెట్టి పోతా.”

ఏడవలేదు, అరవలేదు. పిండి డబ్బా తెరిచిన శబ్దం వినిపించింది.

గణేశ్ ఇదంతా షెడ్డు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. నేను వాడిని చూడలేదు. స్టీలు నేలకు రాసుకున్న చప్పుడుకు తిరిగి చూస్తే, వాడు ఆ మూడో డ్రమ్మును రెండు చేతులా ఎత్తుకొని వస్తున్నాడు. తెచ్చి వాకిట్లో, పిల్లప్ప కాళ్ళ ముందు దించాడు.

“గణేశా, బేడప్పా” అన్నాడు పిల్లప్ప.

“వద్దురా” అన్నాడు నాయన.

వాడు ఇద్దరి మాటా వినలేదు. మూత మీద చిన్న ఉంగరం ఉంటుంది. దాన్ని లాగితే లోపల ఎక్కువైన గ్యాసు బయటికి పోతుంది. మామూలుగా ఒక్క చీదు చీది ఆగిపోతుంది. ఆ రోజు ఆగలేదు. వాడు లాగి పట్టుకునే ఉన్నాడు, అది బుసకొడుతూనే ఉంది. సిలిండరు నుంచి ఊడదీసిన డ్రమ్ముకు అంత గ్యాసు ఎక్కడిదో వాడికి ఒకరు చెప్పవలసిన పని లేదు. లోపల రసమే పుట్టించింది. వాడి ముఖం చూస్తే తెలిసిపోయింది.

బుస తగ్గాక మూత తీశాడు. లోపలి నుంచి ఊదారంగు నురగ పైకి లేచి అంచు దాటి కారింది. వాసన వాకిలంతా పరుచుకుంది. పండు వాసన ఉంది, దాని కింద ఇంకో వాసన ఉంది. మా ఇంట్లో పెరిగిన వాళ్ళెవరికీ ఆ రెండో వాసన పేరు చెప్పనవసరం లేదు.

పిల్లప్ప ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. డ్రమ్ము మీదికి వంగింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత నడుము నిలబెట్టి, దండెం మీద తువ్వాలు వైపు ఒకసారి చూసింది.

“ఇదే” అంది.

“నాదే తప్పు అమ్మా” అన్నాడు గణేశ్. “మంచు చాలలేదు. గ్యాసు ఉండాది కదా అనుకున్నా. నాయన యాడికీ పోలేదు. నిన్నంతా నా కుళాయి దగ్గరే ఉండాడు.”

“కాచి ఉంటే?”

“కాచి ఉంటే కాకపోయేది.”

 పిల్లప్ప గంగాళాలు తీసుకోకుండానే వీధిలోకి దిగాడు. నాలుగిళ్ళ అవతలి దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

“ఎవరన్నా అడిగితే, నిప్పు వద్దని చెప్పింది పిల్లప్పే అని కూడా చెప్పండప్పా” అన్నాడు. “సగం చెప్పొద్దండి.”

చెప్పి వెళ్ళిపోయాడు. గణేశ్ డ్రమ్మును మురికి కాలువ దగ్గరికి ఈడ్చుకొని పోయి వంచేశాడు.

అమ్మ వాకిలి పక్కన ఉన్న సంచిని ఎత్తుకొని లోపలికి పోయింది. మంచం కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

గణేశ్ నన్ను చూసి నవ్వబోయాడు. నేనూ నవ్వాలి. పొద్దున్నుంచీ నేను కోరుకున్నది అదే కదా. కానీ అప్పుడే ఒక సంగతి నా బుర్రలో తిరగడం మొదలుపెట్టింది.

నాయన కుళాయి కట్టేశాడు. నిండు డ్రమ్మును అయిపోయిందని చెప్పి జనాన్ని పంపించేశాడు. మత్తులో కాదు. లోపల ఉన్నది ఏమిటో తెలిసి, ఇంకెవరి గొంతులోకీ పోకూడదని కట్టేశాడు.

అంటే ఆయనకు తెలుసు.

నేను అరుగు వైపు చూశాను. నాయన అప్పటికే నన్ను చూస్తున్నాడు.

* * *

“అన్నానికి లెయ్యి” అంది అమ్మ.

నిన్నటి నుంచి ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. నాయన లేచి కాళ్ళు కడుక్కొని వచ్చాడు. నలుగురం నేల మీద కూర్చున్నాం. వేడి సంకటి ముద్దలు, ఆకుకూర మెదిపి చేసిన మస్సొప్పు, నిన్నటి పెసరపప్పు కోసంబరి కొంచెం. అమ్మ ముందు నాయన కంచంలోనే పెట్టింది. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి వేసింది. మా ఇంట్లో నెయ్యి అందరికీ వేయరు.

“తెలియక తాగింది ఆన కింద రాదు లే” అంది, ఎవరినీ చూడకుండా. “స్వామికి తెలీదా ఆ మాత్రం? నోరు తెరిచి ఆ మాట చెప్పి ఉంటే నాకు ఈ పాట్లు ఎందుకు? సంచి సర్దుకోవడం, విప్పుకోవడం.”

“నువ్వు సంచిలో ఏం సర్దినావో చూసినా అమ్మా” అన్నాడు గణేశ్. “మూడు చీరలు, ఇడ్లీ పాత్ర.”

“మరి? మా చెల్లెలి దగ్గర ఇడ్లీ పాత్ర యాడుండాది? దానికి వండుకోను వస్తే కదా.”

“తిరిగి రాకుండా పోయేవాళ్ళు ఇడ్లీ పాత్రతో పోతారని నాకిప్పుడే తెలిసింది.”

“నోరు మూసుకొని తిను. సారాయి పంచినోడా.”

గణేశ్ పెద్దగా నవ్వాడు. అమ్మ పెదవి కొస కూడా కదిలింది. కృష్ణప్పకు జరిగింది జరిగినట్లే చెప్తానని, కాచిన రసమే పోస్తానని, ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు, లేకుంటే లేదని గణేశ్ చెప్పుకుంటూ పోయాడు. ఇల్లు మళ్ళీ ఇల్లు లాగ ఉంది.

నాయన ముద్ద తుంచాడు. మస్సొప్పులో అద్దాడు. నోటి దాకా తీసుకొనిపోయి, మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

నేను ఆయన కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాను. చాలా కొంచెంగా. అమ్మకు కనపడకుండా. వద్దు నాయనా అని.

“నాగలక్ష్మీ” అన్నాడు ఆయన.

అమ్మ గరిటె పట్టుకొనే తిరిగింది. పిల్లల ముందు ఆయన అమ్మను పేరు పెట్టి పిలవడు.

“మొదటి గుక్క తెలియక” అన్నాడు నాయన. “రెండోది తెలిసి.”



“కుళాయి తిప్పితే అంతా నురగే వచ్చింది. చొక్కా మీద, తువ్వాలు మీద పడింది. వెచ్చగా ఉండాది కాబట్టి నురుగుతాండాది అనుకున్నా. బాగుండాదో లేదో చూసి జనానికి పోద్దామని ఒక గుక్క తాగినా. గొంతు దిగకముందే నాలుక గుర్తు పట్టేసింది. అప్పుడే పారబోసి ఉండొచ్చు. పారబోయలా.”

“నాయనా, ఒక్క గుక్కే కదా...” అన్నాడు గణేశ్.

“నువ్వుండు.” ఆయన అమ్మనే చూస్తున్నాడు. “గ్లాసు పట్టుకొని నిలబడినా. ఎదురుగా పిల్లలు, ఆడోళ్ళు, అంతా రామ రామ అంటాండారు. ఎవరూ నన్ను తాగమనలా. బలవంతం లేదు, మొహమాటం లేదు. రెండో గుక్క నేనే తాగినా. మింగినాక భయమేసింది. మిగిలింది కింద పోసి, కుళాయి కట్టేసినా.”

“ఎవరన్నా చూసినారా?” అంది అమ్మ.

“లేదు.”

“డ్రమ్ము పులిసిందని అందరికీ తెలిసిపోయింది. నేను నమ్మేసినా. సంచి లోపల పెట్టేసినా.” అమ్మ గొంతు ఎక్కడా పెరగలేదు. “ఇప్పుడు ఎందుకు చెప్పినావు?”

నాయన కంచంలో నెయ్యి వైపు చూశాడు.

“పొద్దున నువ్వు ఎత్తిపొడుస్తాంటే మాట్లాడకుండా ఉండగలిగినా. ఆ మాటలు నాకు రావల్సినవే అనుకున్నా. ఇప్పుడు నెయ్యి వేసినావు. ఇది నాది కాదు నాగలక్ష్మీ.”

అమ్మ గరిటెను గిన్నెలో పెట్టింది. మా కంచాల్లో ఏమన్నా కావాలేమో చూసింది. గణేశ్‌కు మస్సొప్పు పోసింది. నాకు పోసింది. నాయన కంచం ముందు ఆగి, ఆయనకు కూడా పోసింది. తర్వాత తన కంచం ముందు కూర్చుంది. చేయి పెట్టలేదు.

“తిను” అంది.

ఆయన తిన్నాడు. ముద్ద పూర్తిగా, మెతుకు వదలకుండా తిన్నాడు. 

ఆన తప్పినవాళ్ళు ధర్మస్థలకే పోయి, స్వామి ముందు తప్పు ఒప్పుకొని, హుండీలో తప్పు కాణిక వేయాలి. అది మా వైపు అందరికీ తెలుసు. అది వేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో తిరిగి తాగినవాళ్ళూ ఉన్నారు, తాగనివాళ్ళూ ఉన్నారు. అమ్మకు ఆ రెండు రకాలవాళ్ళూ తెలుసు.

కంచాలు తీశాక నేను పెరట్లో చేతులు కడుక్కుంటుంటే అమ్మ నా వెనక వచ్చి నిలబడింది.

“రేపు ధర్మస్థలకు బస్సు ఎప్పుడుండాదో కనుక్కో వనజా.”

“సరే అమ్మా.” కొంచెం ఆగి అడిగాను. “ఎంతమందికి? నువ్వు కూడా పోతావా?”

ఆమె తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు ముంచింది. ముంచి, చెంబును అలాగే పట్టుకుంది.

“బస్సు కనుక్కోమన్నా” అంది.

నాయన అరుగు మీద తువ్వాలు పరుచుకొని పడుకున్నాడు. కాసేపట్లోనే గురక మొదలయింది. నిన్నటి నుంచి ఆయన కన్ను మూయలేదు, ఇప్పుడు మూతపడింది. చెప్పేశాడు కదా. గణేశ్ తలుపు చాటున నిలబడి, ఆయనను చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇట్లాంటి నాయన ఎవరికుంటాడక్కా అన్నాడు. నేను కూడా అవునన్నాను. ఈ వారం ఇది చదివిన మీలో చాలామంది అదే అంటారని నాకు తెలుసు. అనండి, ఆయన దానికి తగినవాడే.

కానీ ఆ మధ్యాహ్నం మా ఇంట్లో మనసు కుదుటపడనిది ఒక్కరికే. నమ్మి, నమ్మకం పోయి, మళ్ళీ నమ్మి, ఒక్క పూటలో ఇన్ని చూసి, ఇప్పుడు ఏమి చేయాలో తానే తేల్చుకోవలసిన మనిషి. ఆమె తన ముద్ద ముట్టలేదని మా ముగ్గురిలో ఎవరమూ అప్పుడు గమనించలేదు. నాయనను మెచ్చుకునేటప్పుడు, దయచేసి మా అమ్మ నాగలక్ష్మిని కూడా ఒకసారి తలుచుకోండి.